హైదరాబాద్ ఎఫ్‌సీ: 8 పాయింట్ల టీమ్‌కు ప్లేఆఫ్స్ సాధ్యమేనా? లెక్క ఏం చెబుతోందంటే..

ఐఎస్ఎల్ 2024-25 సీజన్ 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. ఆ సీజన్‌లో మొత్తం 13 జట్లు. ఐ-లీగ్ గెలిచిన మహమ్మదన్ స్పోర్టింగ్ కొత్తగా వచ్చి చేరింది. ఒక్కో టీమ్ 24 మ్యాచ్‌లు ఆడాల్సి ఉంది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి మ్యాచ్ 2024 సెప్టెంబర్ 19న, బెంగళూరు ఎఫ్‌సీతో కంఠీరవ స్టేడియంలో. పసుపు జెర్సీ ఫ్యాన్స్ అప్పుడు అడిగింది ఒకటే.. ఈసారైనా టాప్-6లో ఉంటామా?

ఆ ప్రశ్నకు ముందు గత సీజన్ స్కోర్‌కార్డు చూడాలి. చూడటానికి కాస్త గుండె ధైర్యం కావాలి లెండి. 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. 5 డ్రా, 16 ఓటములు. కొట్టిన గోల్స్ 10, ఇచ్చుకున్నవి 43. మొత్తం 8 పాయింట్లతో టేబుల్‌లో అట్టడుగున నిలిచింది.

ఇదే టీమ్ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కప్పు ఎత్తింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిస్తే, పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. ఆ సీజన్‌లో ఓగ్‌బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది 42 పాయింట్లతో రెండో స్థానం. ఆ తర్వాత సంవత్సరం తిరగకముందే 8 పాయింట్లు!

ఇంత పతనం ఆటలో వచ్చింది కాదు, ఆఫీసులో వచ్చింది. జీతాల బకాయిలు, ఫిఫా దాకా వెళ్లిన ఫిర్యాదులు, కొత్త ప్లేయర్లను తీసుకోకుండా ట్రాన్స్‌ఫర్ బ్యాన్.. వరుసగా దెబ్బలే. కప్పు తెచ్చిన కోచ్ మనోలో మార్క్వెజ్ 2023లో గోవాకు వెళ్లిపోయాడు. ఆకాశ్ మిశ్రా ముంబైకి, నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా బెంగళూరుకు, యాసిర్ గోవాకు, గుర్మీత్ నార్త్‌ఈస్ట్‌కు.. ఒక్కొక్కరుగా ఖాళీ చేశారు. సీజన్ రెండో సగంలో విదేశీ ఆటగాడంటే దాదాపు జోవా విక్టర్ ఒక్కడే. ప్రత్యర్థులు నలుగురు విదేశీయులతో దిగుతుంటే హైదరాబాద్ కుర్రాళ్లతో నెట్టుకొచ్చింది.

ఇక లెక్కలోకి వద్దాం. 2024-25లో టాప్-6లో నిలిస్తేనే ప్లేఆఫ్స్. మొదటి రెండు జట్లు నేరుగా సెమీస్‌కు వెళ్లేవి, 3 నుంచి 6 స్థానాల్లో ఉన్నవి ఒక్క మ్యాచ్ నాకౌట్ ఆడేవి. గత సీజన్‌లో ఆరో స్థానం తెచ్చుకున్న చెన్నయిన్‌కు 22 మ్యాచ్‌ల్లో వచ్చింది 27 పాయింట్లే. అంతకు ముందు ఏడాది ఒడిశా 20 మ్యాచ్‌ల్లో 30తో గట్టెక్కింది. అదే రేటును 24 మ్యాచ్‌లకు సాగదీస్తే 30 నుంచి 36 మధ్య కావాలి. అంటే సుమారు 9 విజయాలు, 6 డ్రాలు. మిగతా 9 ఓడినా ఫర్వాలేదు.

ఆశ ఇక్కడే ఉంది. చెన్నయిన్ గత సీజన్‌లో ఏకంగా 11 మ్యాచ్‌లు ఓడిపోయి కూడా ప్లేఆఫ్స్ ఆడింది. టేబుల్ మధ్యలో పోటీ అంత పలచగా ఉంటుంది. ఇంకో ముచ్చట.. హైదరాబాద్ గెలిచిన ఆ ఒక్క మ్యాచ్ కూడా అదే చెన్నయిన్ మీద, వాళ్ల సొంతగడ్డపైనే!

అయితే ఒకటి నుంచి తొమ్మిది విజయాలకు ఎగబాకడం చిన్న విషయం కాదు. సీజన్ ముంగిట క్లబ్ చేతులు మారింది. బీసీ జిందాల్ గ్రూప్ యాజమాన్యం తీసుకుంది. డబ్బు సమస్య తీరుతుందన్న నమ్మకం వచ్చింది కానీ టైమ్ మాత్రం రాలేదు. మిగతా క్లబ్బులు జూన్, జులైలోనే మంచి ప్లేయర్లను ఎగరేసుకుపోయాయి. హైదరాబాద్ మార్కెట్‌కు వెళ్లేసరికి సంత దాదాపు ముగిసింది. బ్రెజిల్ నుంచి అలన్ పాలిస్టా, ఆండ్రే ఆల్బా, సెర్బియా డిఫెండర్ స్టెఫాన్ సాపిచ్, గినీ బిసావ్‌కు చెందిన ఎడ్మిల్సన్ కొరియా, ఇంగ్లండ్‌లో పుట్టిన సై గొడార్డ్.. పేర్లు బాగానే ఉన్నాయి. వీళ్లంతా కలిసి ప్రీ సీజన్ క్యాంపు చేసింది లేదు. ఒకరి పాస్ ఒకరికి అర్థం కావడానికే నెలన్నర పడుతుంది. అప్పటికి ఆరేడు మ్యాచ్‌లు అయిపోతాయి.

ఆ సీజన్ ఆరంభంలో కోచ్‌గా ఉన్న థాంగ్‌బోయ్ సింగ్టో ఈ టీమ్‌కు కొత్తవాడు కాదు. గత సీజన్‌లో పడవ మునుగుతున్నప్పుడు పట్టుకుని కూర్చున్నది ఆయనే. మణిపూర్‌కు చెందిన ఈ కోచ్‌కు కుర్రాళ్లను తయారు చేయడంలో పేరుంది. అలెక్స్ సాజీ, అబ్దుల్ రబీ లాంటివాళ్లు గతేడాది దెబ్బలు తిని రాటుదేలారు. గెలిచే టీమ్‌లో అయితే వాళ్లకు అన్ని నిమిషాలు ఆడే అవకాశం దొరికేది కాదేమో.

ఫ్యాన్స్ తరచూ గుర్తు చేసేది 2019-20 సీజన్. అప్పుడూ హైదరాబాద్ 10 పాయింట్లతో చివరి స్థానమే. మరుసటి ఏడాది మనోలో వచ్చాక 29 పాయింట్లు సాధించి ఐదో స్థానానికి చేరింది. అప్పట్లో నలుగురికే ప్లేఆఫ్స్ కాబట్టి త్రుటిలో పోయింది. 2024-25 రూల్ అప్పుడు ఉండి ఉంటే ఆ టీమ్ లోపలే! కాబట్టి అడుగు నుంచి లేవడం ఈ క్లబ్‌కు తెలియని విద్య కాదు. తేడా ఏంటంటే అప్పుడు ప్లాన్ చేసుకోవడానికి వేసవి మొత్తం చేతిలో ఉంది.

ఆ మనోలోనే 2024 సెప్టెంబర్‌లో ఇండియా కోచ్‌గా గచ్చిబౌలి వచ్చాడు. ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. పాత మైదానం ఆయనకూ కలిసి రాలేదు పాపం!

మొత్తంగా చూస్తే అప్పట్లో టాప్-6 అవకాశం తక్కువే. మోహన్ బగాన్, ముంబై, గోవా, ఒడిశా, బెంగళూరు, కేరళ.. ఈ ఆరుగురిలో కనీసం ఒకరు జారిపడాలి, అటు చెన్నయిన్, ఈస్ట్ బెంగాల్, నార్త్‌ఈస్ట్, జంషెడ్‌పూర్‌లను కూడా దాటాలి. 20 పాయింట్ల పైన, తొమ్మిది పది స్థానాల దగ్గర ముగిస్తే అదే పెద్ద మెరుగుదల. ఐఎస్ఎల్‌లో అప్పటికి రెలిగేషన్ అమల్లో లేదు కాబట్టి చివర్లో ఉన్నా కిందికి పడిపోయే భయం లేకపోయింది. భయమల్లా గచ్చిబౌలి గ్యాలరీల గురించే. రహీమ్ సాబ్ ఊరిలో, ఒకప్పుడు సిటీ పోలీస్ టీమ్ దేశాన్ని ఏలిన ఊరిలో, ఖాళీ కుర్చీల మధ్య మరో సీజన్ గడిస్తే స్పాన్సర్లూ ఉండరు, కుర్రాళ్లూ ఉండరు. మరోవైపు ఇదే సిటీకి చెందిన శ్రీనిది డెక్కన్ ఐ-లీగ్‌లో వరుసగా రెండేళ్లు రన్నరప్‌గా నిలిచి పై లీగ్ తలుపు తట్టింది.

2024 అక్టోబర్ చివరికి 8 పాయింట్లు దాటుతారా లేదా అన్నదే అప్పుడు చూడాల్సింది. గత సీజన్ మొత్తంలో తెచ్చుకున్నది అంతే కదా. అది దాటితే ప్లేఆఫ్స్ మాట మళ్లీ మాట్లాడుకోవచ్చన్నది అప్పటి లెక్క. బెంగళూరుతో మ్యాచ్ గురువారం రాత్రి 7:30కి, స్పోర్ట్స్18, జియోసినిమాలో లైవ్‌గా వచ్చింది.