చిల్లు లేని గాజుగిన్నె – నేరమెవరిది?

మా అమ్మ చేతిచలవ గురించి మా ఊళ్ళో కథలుగా చెప్పుకొనేవారు. విరిగిన మందారకొమ్మను దొడ్లో గుచ్చి మరచిపోయినా చిగురు వేసేదని ప్రతీతి. అటువంటి మనిషి, ఒక గాజుగిన్నెలోని అయిదు ముళ్ళమొక్కలలో నాలుగు, నాలుగు నెలల్లో ఒకదాని వెనుక ఒకటి కుళ్ళిపోగా, "నా చేతిలో చలవ పోయిందిరా" అన్నది. ఈ టపాకు మూలం ఆ ఒక్క మాట. మొక్కలు పోయినందుకు కాదు, ఆ నిందను ఆవిడ తన మీద వేసుకొన్నందుకు నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని వేయవలసిన చోట వేద్దామని కూర్చున్నాను. కాస్త ఓర్చుకోండి.

లోతు లేని గాజుపాత్రలో నాలుగైదు రకాల కాక్టస్ మొక్కలను దగ్గరదగ్గరగా నాటి, పైన రంగు గులకరాళ్ళు పరచి, బల్ల మీది అలంకారంగా అమ్మడం ఇప్పుడు నగరాలలో పరిపాటి అయింది. గృహప్రవేశాలకు కానుకగానూ ఇస్తున్నారు. మాకూ అలాగే వచ్చింది. దానితో ఒక చీటీ: వారానికి రెండుసార్లు నీళ్ళు చల్లితే చాలునట. నా వాదన సూటిగానే చెబుతాను. అడుగున చిల్లు లేని పాత్రలో, ఆ చీటీతో సహా, ఆ మొక్కలను అమ్మడం తోటపని కాదు. చావబోయే సరుకును బతికే సరుకుగా చెప్పి అమ్మడం. పూలగుత్తి అమ్మేవాడు కనీసం అది వాడిపోతుందన్న సంగతి దాచడు.

"అడుగున రాళ్ళు వేశాము కదండీ, నీరంతా అందులోకి దిగిపోతుంది" అంటారు. వినడానికి ఎంత సబబుగా ఉంటుందో అంత తప్పు ఈ మాట. సన్నని మట్టి రేణువుల నడుమనున్న నీటిని ఆ సందుల ఇరుకే పట్టి ఉంచుతుంది. కింద పెద్ద ఖాళీలున్న రాళ్ళపొర తగలగానే నీరు ఆగిపోతుంది. పైనున్న మట్టి దాదాపు ముద్దగా తడిసేదాకా కిందికి జారదు. అంటే ఆ రాళ్ళు తడిని కిందికి లాగడం లేదు, వేళ్ళకు మరింత దగ్గరగా పైకి ఎత్తుతున్నాయి. నమ్మనివారు గిన్నెలు తోమే స్పాంజిని నీళ్ళలో ముంచి, బల్లపరుపుగా పట్టుకొని చూడండి. కారడం ఆగిన తరువాత దానినే నిలువుగా పట్టుకోండి. మళ్ళీ కారుతుంది. నీటిని పట్టి ఉంచే పొర మందం మట్టి రకాన్ని బట్టే గాని పాత్ర లోతును బట్టి కాదు. లోతైన కుండీలో ఆ పొర అడుగున ఎక్కడో ఉండిపోతుంది, వేళ్ళు దానికి పైన ఊపిరి పీల్చుకుంటాయి. మూడంగుళాల గిన్నెలో ఒక అంగుళం రాళ్ళే తినేస్తే, మిగిలిన మట్టిలో సింహభాగం ఆ తడిపొరే. ఎప్పుడో రాళ్ళలోకి దిగిన నీరైనా బయటికి పోవడానికి దారేదీ? బొగ్గు వేశామంటారు కొందరు. బొగ్గు ఏమి పీల్చుకున్నా నీటిని గిన్నె దాటించలేదు. మట్టికుండీ గోడల గుండా కొంత తడి ఆరుతుంది, గాజుకు ఆ గుణం లేదు.

గాజులో మొక్కల పెంపకానికి ఆద్యుడు నథానియల్ బాగ్‌షా వార్డ్ అనే లండను వైద్యుడు. 1829లో ఆయన ఒక చిమ్మట (మాత్) ప్యూపాను తడిమట్టితో సీసాలో మూసి ఉంచితే, అందులో ఒక ఫెర్ను మొలక, కొంత గడ్డి మొలిచాయి. దాని మీద 1842లో పుస్తకమే వేశాడు. ఆ ఊహ మొదలైంది ఫెర్నుల వంటి తేమ కోరే మొక్కలతో. తేమను బయటికి పోనివ్వకపోవడమే వార్డ్ పెట్టె గొప్పతనం. కాక్టస్‌కు అదే శాపం.

ఇక ఆ గిన్నెలోని సంసారం చూడండి. మా గిన్నెలో ఒక మమ్మిలేరియా ఉంది. నూలుదారంలాంటి తెల్లని ముళ్ళ ముద్ద. దాని పక్కన గోల్డెన్ బారెల్ పిల్ల. మెక్సికో దానిది. వయసు వస్తే మీటరు వెడల్పు పెరగగల ప్రాణి అది. అడవిలో దాని ఉనికికే ముప్పు వచ్చింది. దాని తావులలో కొంత 1990లలో కట్టిన సిమపాన్ ఆనకట్ట కింద మునిగింది. అక్కడ జలాశయంలో ముంచాము, ఇక్కడ గిన్నెలో ముంచుతున్నాము. దాని పక్కన హావర్తియా. ఇది అసలు కాక్టసే కాదు, దక్షిణాఫ్రికాది, మండుటెండ పడదు. మరొకటి క్రిస్మస్ కాక్టస్. బ్రెజిలు అడవులలో చెట్ల కొమ్మల మీద, తేమలో పెరిగేది. అయిదవది ఎర్రని బంతిలాంటి మూన్ కాక్టస్. ఆ ఎరుపునకు పత్రహరితం లేదు, సొంతంగా బతకలేదు. డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం మీద అంటుకట్టినది. ఈ అయిదింటికీ కలిపి ఒకే చీటీ! ఎవరి దాహం ఎవరిది? ఎవరి ఎండ ఎవరిది?

మనవాళ్ళకు ఈ సరుకు సులువుగా అంటగట్టగలగడానికి మన భాష కూడా కొంత కారణమేమోనని నా అనుమానం. బ్రహ్మజెముడును కంచెగా చూసి పెరిగినవాళ్ళం. ఎవరూ నీళ్ళు పోయకుండానే బతికింది కనుక జెముడు దేనికైనా తట్టుకుంటుందని అనుకుంటాము. అది తట్టుకొనేది ఎండను, కరువును. నిలవనీటిని కాదు. పైగా పాలు కారే బొమ్మజెముడు, ఆకుజెముడు వేరే కుటుంబానివి. ముళ్ళున్నవాటికన్నిటికీ ఒకే పేరు తగిలించి ఊరుకున్నాము.

నాకు ఎదురు చెప్పేవారు ఉంటారని తెలుసు. "మా ఇంట్లో మూడేళ్ళుగా బతికే ఉంది" అనేవారు నిజంగానే ఉన్నారు. కాదనను. చెంచాతో కొలిచి, మట్టి అడుగుదాకా ఆరిందని పుల్ల గుచ్చి చూసి, వెలుతురున్న కిటికీలో పెట్టినవారు వాళ్ళు. ఆ శ్రద్ధకు నమస్కారం. కాని ఆ శ్రద్ధ చీటీలో ఎక్కడ ఉంది? చిల్లున్న మట్టిపళ్ళెంలో అందులో సగం శ్రద్ధకే అవి చక్కగా పెరుగుతాయి.

గాజే కావాలనుకుంటే దారి ఉంది. ఒక్కొక్క మొక్కను దాని చిన్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, కుండీలను గిన్నెలో అమర్చి, చుట్టూ ఇసుకో గులకరాళ్ళో నింపండి. నీళ్ళు పోయాలంటే కుండీని బయటికి తీసి పోసి, కారడం పూర్తయ్యాక మళ్ళీ పెట్టండి. దేనికి కావలసినంత దానికి. గిన్నెకే చిల్లు పెడతానంటే వజ్రపు బిట్టుతో, తడుపుతూ, నెమ్మదిగా పెట్టవచ్చు. టెంపర్డ్ గాజు జోలికి మాత్రం పోకండి, ఒక్కసారిగా పగిలి ముక్కలవుతుంది. మొక్కను మడిచిన వార్తాపత్రికతో పట్టుకోండి. మట్టిలో సగానికి పైగా ముతక ఇసుక, ఇటుకముక్కల వంటివి ఉండాలి. నాటిన వెంటనే నీళ్ళు పోయకండి. తెగిన వేళ్ళ గాయాలు మానడానికి వారం రోజులు పొడిగా వదిలేయాలి.

మా గిన్నెలో దక్కింది మమ్మిలేరియా పిలక ఒక్కటే. పెరుగు తెచ్చిన మట్టిముంతకు మేకుతో చిల్లు పెట్టి, నాలుగు రోజులు ఆరనిచ్చిన ఆ పిలకను అమ్మ చేతనే నాటించాను. ఇది జరిగి రెండు నెలలు. నిన్న కదిపి చూస్తే కదలలేదు, వేరు పట్టినట్టుంది. అమ్మ మాత్రం అది నేను నాటిందేనని వచ్చినవారందరికీ చెబుతోంది.