‘రిజెక్ట్’ కాగితం పట్టుకుని ఇంట్లో కూర్చోకండి!



మీ బిడ్డకు సదరం (వైకల్య) సర్టిఫికెట్‌లో 40 శాతం కంటే తక్కువ పడిందా? పెన్షన్ ఆపుతున్నామని సచివాలయం నుంచి నోటీసు వచ్చిందా? అర్జీయే తిప్పి పంపారా? కోపమొచ్చి ఆ కాగితం చింపేయకండి. రేపు అప్పీలుకు అదే ఆధారం.

ముందు మా ఇంటి సంగతి వినండి. మావాడికి ఏడేళ్లు. పుట్టగానే ఏడవలేదు. తర్వాత సెరిబ్రల్ పాల్సీ అన్నారు. సదరం క్యాంపుకు స్లాట్ దొరికిన రోజు నుంచీ నెల్లాళ్లు వాడిచేత గోడ పట్టించి నడక నేర్పించాం. ఆ రోజు తలకు నూనె రాసి, కొత్త చొక్కా తొడిగి తీసుకెళ్లాం. గదిలో డాక్టరుగారు ‘ఏదీ, నడువు నాన్నా’ అన్నారు. వాడు ఏమీ పట్టుకోకుండా పది అడుగులు వేశాడు. మేం మురిసిపోయి చప్పట్లు కూడా కొట్టాం. 35 శాతం రాసి పంపారు!

తప్పంతా ఆ డాక్టరుగారిదే అనను. వరండా నిండా జనం, ఆయనకు దొరికింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో మేం చూపించింది మావాడి మంచిరోజును. వాడు మెట్లెక్కలేడు, బొత్తాం పెట్టుకోలేడు, దొడ్డికి ఇప్పటికీ నేనే ఎత్తుకెళ్లాలి, రాత్రుళ్లు కాళ్లు బిగుసుకుపోయి ఏడుస్తాడు. ఇవేవీ వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. కన్నబిడ్డ లోపం నలుగురిలో చెప్పాలంటే నోరు రాదు కదా! ‘బానే ఉంటాడండీ, కొంచెం ఆలస్యం, అంతే’ అనడం మనకు అలవాటు. ఆ మాట చుట్టాల దగ్గర అనండి, క్యాంపులో మాత్రం అనకండి. రెండోసారి వెళ్లినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాం, కాగితాలు ముందు పెట్టాం. 65 శాతం వచ్చింది. అదే పిల్లాడు, అవే కాళ్లు.

అప్పీలు అంటే ఎవరినో బతిమాలుకోవడం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మనకిచ్చిన హక్కు. వైకల్యం లేదని తేలిస్తే ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలని 58వ సెక్షన్ అంటుంది. ఆ నిర్ణయం నచ్చకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని 59వ సెక్షన్ అంటుంది. అందుకే ‘కంప్యూటర్ తీసుకోవట్లేదమ్మా’ అన్న నోటిమాటతో వెనక్కి రాకండి. ఎందుకు కాదన్నారో కాగితం మీద రాసివ్వమనండి. అప్పీలు ఎవరికి పెట్టాలో ఆస్పత్రి సూపరింటెండెంటునే అడగండి. కాదన్న కారణం రాసివ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు చేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 40 శాతం, ఆపైన ఉంటే దివ్యాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు. 2024లో 3,000 నుంచి పెరిగింది. దీనికి వయసు పరిమితి లేదు. ‘చిన్నపిల్లలకు ఇవ్వరు’ అని ఎవరన్నా నమ్మకండి. 2025లో సర్టిఫికెట్లను మళ్లీ తనిఖీ చేసి, ఆగస్టులో నోటీసులు పంచారు. బోగస్ సర్టిఫికెట్లవాళ్లను ఏరేయమని మేమూ అంటాం. వాళ్ల వల్లే మనవాళ్లను కూడా అనుమానంగా చూస్తున్నారు. కానీ బోగస్‌ల పేరు చెప్పి మంచంలో ఉన్న పిల్లలను వరసలో నిలబెడితే ఊరుకోం. పెన్షన్ ఆపుతామన్న నోటీసు మీద పల్లెలో అయితే ఎంపీడీవోకు, పట్టణంలో అయితే మున్సిపల్ కమిషనరుకు అప్పీలు పెట్టాలి. గడువు నోటీసులోనే ఉంటుంది, ముందు అది చదివించుకోండి. ఇంకో మాట: ఐదేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బుద్ధిమాంద్యం సర్టిఫికెట్లు తాత్కాలికం. ఎప్పటిదాకా చెల్లుతుందో చూసుకోకపోతే పెన్షన్ ఉన్నట్టుండి ఆగుతుంది.

ఇక ఆధారాలు. పాత ఓపీ చీటీల దగ్గర్నుంచి ఏదీ పారేయకండి. దివ్యాంగ పిల్లల భవిత కేంద్రంలో టీచరు, అంగన్‌వాడీ టీచరు, ఫిజియోథెరపీ చేసేవాళ్లు రోజూ మీ బిడ్డను చూస్తున్నవాళ్లు. బిడ్డ ఏం చేయగలడో, ఏం చేయలేడో వాళ్లచేత ఒక పేజీ రాయించుకోండి. ఒక నోటుబుక్కు కొని పదిహేను రోజులు మీరూ రాయండి: ఎన్నిసార్లు పడ్డాడు, అన్నం తినిపించడానికి ఎంతసేపు పట్టింది, రాత్రి ఎన్నిసార్లు లేచాడు. చదువు రాకపోతే పక్కింటి పదో తరగతి పిల్లచేత రాయించండి. ఫోన్లో ఫిట్స్ వీడియో ఉంటే అదీ పట్టుకెళ్లండి. ఉన్నది తగ్గించవద్దు, లేనిది కల్పించవద్దు. ‘పదివేలివ్వండి, శాతం పెంచిస్తా’ అనే దళారి ఆస్పత్రి గేటు దగ్గరే ఉంటాడు, వాడి నీడ కూడా తొక్కకండి. మోసంతో లబ్ధి పొందితే అదే చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. దళారి మాట నమ్మితే జైలుకెళ్లాల్సింది మీరు.

అర్జీ ఎక్కడ ఇచ్చినా తేదీ, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ బావిలో వేసిన ఉత్తరమే. వకీలుకు డబ్బుల్లేవని ఆగొద్దు. పిల్లలకు, ఆడవాళ్లకు, దివ్యాంగులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారు, ఆదాయం ఎంతని అడగరు. ఫోన్ నంబరు 15100.

వచ్చే సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్స్ ఉంది. పొద్దున తొమ్మిదికల్లా గేటు ఎదుట చెట్టు కింద మేం ఉంటాం. బిడ్డను ఎండలో మోసుకు రానక్కర్లేదు. నోటీసు, పాత సర్టిఫికెట్, ఆధార్, చీటీలు ఒక సంచిలో వేసుకుని రండి. అర్జీ మేం రాసిపెడతాం, రూపాయి కూడా తీసుకోం. రాలేనివాళ్లు మీ వీధిలో ఉంటే ఈ కరపత్రం వాళ్ల చేతిలో పెట్టండి.

ఇట్లు,
దివ్యాంగ పిల్లల తల్లిదండ్రులం