తరగతి గదిలో గుసగుసలు

బడి ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని అమ్మకూడదనీ, ప్రకటనలు పెట్టకూడదనీ 2020లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ నియమాలు చేసింది. మంచిదే. చిప్స్ కంపెనీ గేటు దగ్గర నిలబడితే తప్పని తెలుసుకున్నాం. మరి నాప్కిన్ల కంపెనీ ఏకంగా ఎనిమిదో తరగతి గదిలోకొచ్చి, పాఠం చెప్పి, శాంపిల్ ప్యాకెట్ చేతిలో పెట్టి వెళితే? దాన్ని "అవగాహన కార్యక్రమం" అంటున్నాం!

నేను చదివిన బడికీ అలా ఒకావిడ వచ్చింది. మగపిల్లల్ని గ్రౌండుకి తోలేశారు. కిటికీలు మూశారు. గర్భాశయం బొమ్మ మీద రెండు నిమిషాలు, యూనిఫాం మీద మరక పడకుండా ఉండటం మీద అరగంట చెప్పింది. గుడ్డలు వాడేవాళ్లకి జబ్బులొస్తాయంది. మా ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, పిన్ని అందరూ వాడేది గుడ్డలే. ఆ సాయంత్రం మా అమ్మ నాకు మురికి మనిషిలా కనిపించింది. రెండు ప్యాడ్ల ఉచిత ప్యాకెట్‌కి నేను కట్టిన ధర అది.

సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసిన నూలుగుడ్డతో భయం లేదు. నలుగురికీ కనపడకూడదని మంచం కిందా, చీరల చాటునా తడిగానే దాచుకోవాల్సి రావడంతోనే ప్రమాదమంతా. అంటే ఆ పిల్లలకి ముందు చెప్పాల్సింది సిగ్గు గురించి. కానీ సిగ్గు పోతే సరుకు ఎలా పోతుంది? అసలా బ్రాండు పేర్లు చూడండి... ఒకటి విస్పర్, అంటే గుసగుస. ఇంకోటి కేర్‌ఫ్రీ, చీకూచింతా లేనిది. టీవీలో మన రక్తం ఎన్నేళ్లపాటు నీలంరంగులో పారింది! ముట్టయినవాళ్లు పచ్చడి జాడీ ముట్టుకోవచ్చని 2014లో ప్రచారం చేసిందీ ఆ విస్పరే. మరుసటి ఏడాది కాన్ ప్రకటనల ఉత్సవంలో దానికి పెద్ద బహుమతి కూడా వచ్చింది. ఇళ్లలో అదే మాటకి తిట్లు తిన్న ఆడవాళ్లకి ఎవరూ బహుమతులివ్వలేదు లెండి.

"నువ్వలాగే అంటావు. మా బళ్లో సైన్సు మాస్టారు ఆ పేజీలు తిప్పేస్తాడు. కంపెనీవాళ్లయినా చెబుతున్నారు కదా" అని హైస్కూలు టీచరైన నా స్నేహితురాలొకామె నన్ను నిలదీసింది. ఆ మాటని తోసెయ్యలేను. 2007లో కౌమార విద్య పాఠాలు సంస్కృతికి చేటని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు వద్దన్నాయి. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చేనాటికే మన కవయిత్రులు శరీరం గురించి గొంతు విప్పి రాశారు, బడి మాత్రం నోరు విప్పలేదు. ప్రభుత్వమూ, మాస్టారూ ఖాళీ చేసిన కుర్చీలో కంపెనీ కూర్చుంది. కోపం కంపెనీ ఒక్కదాని మీదే చూపిస్తే సరిపోదు.

నాప్కిన్లు వద్దని నేననడం లేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి నెలకి 10 చొప్పున ఇచ్చే పథకం పెట్టి 'స్వేచ్ఛ' అని పేరుపెట్టింది (1987లో వచ్చిన ఓల్గా నవల పేరూ అదే). ఇవ్వాల్సిందే. కొనలేని పిల్లకి అది హక్కు. అయితే ఇచ్చేటప్పుడు గుడ్డ ఉంది, కప్పు ఉంది, ప్యాడు ఉంది, ప్యాడులో ప్లాస్టిక్కూ ఉంది, వాడాక ఎక్కడ పడెయ్యాలి, బాత్రూములో నీళ్లు రాకపోతే ఎవర్ని అడగాలి, ఇవన్నీ చెప్పాలి. అమ్ముకునేవాళ్లు ఇవన్నీ ఎందుకు చెబుతారు? టీచరే చెప్పాలి. గ్రౌండుకి పంపిన మగపిల్లల్ని కూడా వెనక్కి పిలిచి చెప్పాలి.

అంతగా సేవ చెయ్యాలనుంటే కంపెనీలని పేరూ గుర్తూ లేని తెల్ల కవర్లలో ప్యాకెట్లు పంపమనండి, చార్టులు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మనండి. ఎందరొస్తారో చూద్దాం.