బడి విడిచే నాటి ఫొటో

పదో తరగతి పరీక్షలు దగ్గరపడే రోజుల్లో విద్యార్థులు రెండు ఫొటోలు దిగుతారు. ఒకటి హాల్ టికెట్టు కోసం. మెడ నిటారుగా నిలిపి, రెండు చెవులూ కనబడేలా తెల్లని తెర ముందు తీస్తారు. రెండోది వీడ్కోలు సభనాడు బడి ఆవరణలో తీసే గ్రూపు ఫొటో. ఉపాధ్యాయులు కుర్చీల్లో, పొట్టివాళ్ళు వారి కాళ్ళ దగ్గర, పొడుగువాళ్ళు వెనక బల్లల మీద. మొదటి ఫొటో ఇతడు ఫలానావాడే అని రుజువు చేస్తుంది. రెండోది ఏ యేడు, ఏ బడిలో, ఎవరి సరసన చదివాడో చెబుతుంది. అతడు ఎటువంటివాడో మాత్రం రెండూ చెప్పవు. అది చెప్పగల మూడో ఫొటో ఒకటి ప్రతి విద్యార్థికీ ఉండాలి. దాన్ని ఎలా దిగాలన్నది స్టూడియోవారు కాదు, విద్యార్థే ఆలోచించుకోవాలి.

అమెరికాలో ఈ మూడో ఫొటో ఒక ఆచారంగా స్థిరపడింది. అక్కడ హైస్కూలు చదువు పన్నెండో తరగతితో ముగుస్తుంది. ఆ చివరి యేడు చదివేవారిని ‘సీనియర్లు’ అంటారు. వారిలో చాలామంది ఆ యేడు మొదలు కాకముందే, వేసవి సెలవుల్లో ఫొటోగ్రాఫరు దగ్గరకు వెళతారు. బడి ప్రచురించే వార్షిక సంచిక కోసం ఒక ఫొటో దిగుతారు. చాలా బడుల్లో దీనికి అందరూ ఒకే రకం దుస్తులు వేసుకోవాలి. అది కాక తమకు నచ్చిన చోట, నచ్చిన వస్తువుతో మరికొన్ని దిగుతారు. ఒకరి చేతిలో వయొలిన్ ఉంటుంది, ఇంకొకరి పక్కన పెంపుడు కుక్క ఉంటుంది.

ఈ ఆచారం పుట్టుకలో ఒక సాంకేతిక విశేషం ఉంది. 1839లో లోకానికి వెల్లడైన డాగెరోటైప్ పద్ధతిలో వెండిపూత పూసిన రాగిరేకు మీద ఒకే ఒక్క బొమ్మ వచ్చేది. దానికి ప్రతులు తీసే వీలు లేదు. తరువాత గాజు నెగెటివు వచ్చింది. ఒక్కసారి కూర్చుంటే చాలు, ఎన్ని కాగితపు ప్రతులైనా తీయవచ్చు. జార్జి కెండల్ వారెన్ అనే ఫొటోగ్రాఫరు 1860ల నాటికి హార్వర్డ్, యేల్ వంటి కళాశాలల్లో చదువు ముగించుకొనేవారి ఫొటోలు ఇలా తీసేవాడు. విద్యార్థులు వాటిని ఒకరితో ఒకరు మార్చుకొని, పుస్తకంగా కుట్టించుకొనేవారు. నేటి వార్షిక సంచికలకు అవే పూర్వరూపాలు.

అంత మంచి ఆచారానికీ తరువాత సంత లక్షణాలు పట్టుకున్నాయి. వందల డాలర్లు పోసి ఫొటోలు దిగే కుటుంబాలున్నాయి. ఎవరి ప్రత్యేకతను వారు చూపించుకోవాలని బయలుదేరి, వేలమంది ఒకే భంగిమలో నిలబడుతున్నారు. రైలు పట్టాల మీద నిలబడి దిగే వెర్రి ఒకటి ప్రబలితే, అది నేరమనీ ప్రాణాంతకమనీ అక్కడి రైల్వే భద్రతా సంస్థలు పదే పదే హెచ్చరించవలసి వచ్చింది. మన పిల్లలు ఆ దేశం నుంచి తెచ్చుకోవలసినది ఫొటో వెనక ఉన్న ఆలోచన ఒక్కటే.

వస్తువు మనిషిని గురించి ఎంత చెప్పగలదో ఒక ఉదాహరణ చూడవచ్చు. 1946లో ఆర్నాల్డ్ న్యూమన్ సంగీతకర్త స్ట్రావిన్‌స్కీని ఫొటో తీశాడు. ఆ చిత్రంలో ఎక్కువ చోటు పియానో మూతదే. నల్లని ఆ పెద్ద ఆకారం పక్కన, ఒక మూల చేతికి తల ఆనించుకొని స్ట్రావిన్‌స్కీ కనబడతాడు. ముఖం చిన్నదైపోయినా మనిషి చిన్నవాడు కాలేదు.

ఇక మనవైపు. షోలాపూర్‌లో ఒక చేనేత కుటుంబపు అమ్మాయిని ఫొటో తీయాలంటే, మగ్గం పక్కన నిలబెడదామని ఫొటోగ్రాఫరుకే కాదు, మేనమామకు కూడా తోస్తుంది. యానాం కుర్రవాడైతే గోదావరి ఒడ్డున పడవ ఎక్కిస్తారు. తెలుగునాటికి దూరంగా స్థిరపడిన కుటుంబాల్లో ఈ కోరిక మరింత బలంగా ఉంటుంది. బిడ్డను చూడగానే తెలుగుబిడ్డ అనాలి, తాతల వృత్తి గుర్తుకు రావాలి. కోరిక తప్పు కాదు. ఆ అమ్మాయి సాయంత్రాలు నిజంగా మగ్గం మీద కూర్చొనేదైతే అంతకంటె తగిన చోటు లేదు. ఆమె ప్రాణమంతా కబడ్డీలో ఉంటే మాత్రం, ఆ మగ్గం కూడా స్టూడియోలోని తాజ్‌మహలు బొమ్మ తెర వంటిదే. మోకాళ్ళ మీద మట్టితో, ఆట ముగించి వచ్చిన ఫొటోయే ఆమెది. ఆమె చదువుకొనే బల్ల మీద తెలుగు వాచకం పక్కన మరాఠీ కథల పుస్తకం ఉంటే, ఫొటో కోసం దాన్ని తీసి దాచనక్కరలేదు. ఆ రెండూ కలిసే ఆమె.

స్టూడియోల్లో ‘టచింగ్’ అనే పని ఒకటుంది. వెనుక నెగెటివు మీద పెన్సిలుతో చేసేవారు, ఇప్పుడు కంప్యూటరు మీద చేస్తున్నారు. మచ్చలు తుడిచివేస్తారు. అడగకుండానే చామనఛాయను తెలుపు చేస్తారు. మొటిమ వారంలో పోయేదే కనుక దాన్ని తీసివేస్తే నష్టం లేదు. మేని రంగు అటువంటిది కాదు. పదిహేనేళ్ళ పిల్లకు తన ఫొటోలో తన రంగు కనబడకపోతే, ఆ రంగు దాచవలసినదని ఆమెకు చెప్పినట్టే. ముందుగానే “రంగు మార్చవద్దు” అని చెప్పి దిగడం మేలు.

కెమెరా ముందు బిగుసుకుపోవడం మరొక ఇబ్బంది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ దీన్ని బాగా ఎరిగినవాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పిన ఆయన, 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీలకు వేరుగా ఒక స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. తీసేవారి దగ్గర సంకోచం లేకపోతేనే ముఖం తెరుచుకుంటుంది. అందుచేత అక్కో, పక్క బెంచీ స్నేహితురాలో తీసిన ఫొటో, పేరున్న స్టూడియోలో తీయించినదాని కంటె మేలుగా ఉండవచ్చు.

ఇందుకు పెద్ద పరికరాలు అవసరం లేదు. ఇంట్లో ఎవరిదో ఒక ఫోను చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండ కళ్ళ కింద నల్లని నీడలు వేస్తుంది. ఉదయం పూట కిటికీ పక్కనో, వరండా నీడలోనో వెలుతురు మెత్తగా ఉంటుంది. ఫోను ముఖానికి మరీ దగ్గర పెడితే ముక్కు పెద్దదవుతుంది కనుక నాలుగడుగులు వెనక్కు జరిగి, కంటి ఎత్తున పట్టుకొని తీయాలి. కొత్త బట్టలు వేసుకొనేవారు వాటిని ఒకరోజు ముందే తొడుక్కొని చూడాలి. మెడ దగ్గర గుచ్చుకొనే చొక్కా సంగతి ఫొటోలో తెలిసిపోతుంది. ఏ వస్తువు పట్టుకోవాలో, ఎక్కడ నిలబడాలో మాత్రం వారం రోజుల ముందు నుంచే ఆలోచించుకోవాలి. అసలు కష్టం అక్కడే. ‘నాకు ఏది ఇష్టం’ అన్న ప్రశ్నకు చాలామందికి వెంటనే జవాబు దొరకదు.

ఇదంతా సోకు అనే పెద్దలుంటారు. అద్దం ముందు గంటలు గడిపే పిల్లల్ని చూసి విసిగిన మాట అది. రోజుకు ఇరవై ఫొటోలు తీసుకొని మరునాడు మరిచిపోవడం వేరు, యేడాదికి ఒకటి ఆలోచించి దిగడం వేరు. ఖర్చు మాటకొస్తే, గ్రూపు ఫొటో తీసేందుకు ఎలాగూ ఫొటోగ్రాఫరు బడికి వస్తాడు. మరో పూట ఉండమని బడివారే మాట్లాడుకొంటే, ఇంట్లో ఫోను లేని పిల్లలకు కూడా ఒక్కొక్క ఫొటో వస్తుంది. దాన్ని కాగితం మీద వేయించి, వెనక పేరు, ఊరు, తేదీ తెలుగులో రాసి ఇవ్వాలి. ఫోను పాడైతే అందులోని బొమ్మ కూడా పోతుంది. కాగితం మీది బొమ్మ ఇంట్లో పెట్టె అడుగున ఉండి, ఇరవై ఏళ్ళ తరువాత కూడా ఎవరి చేతికో దొరుకుతుంది.