రాత్రి పది గంటల తరువాత

జూబిలీ హిల్స్ వాసులు కొందరు తమ నిద్ర కొరకు ఉన్నత న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వచ్చినది. ఇండ్ల నడుమ వెలసిన పబ్బులలో అర్ధరాత్రి దాటినా మ్రోగే సంగీతం, వీధిలో నిలిచిన కార్ల హారనులు, తిరిగిపోయేవారి కేకలు వారి ఫిర్యాదుకు కారణం. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కన్నెగంటి లలిత మధ్యంతర ఉత్తర్వు నిస్తూ, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు పబ్బులలో సంగీతం వినిపించరాదని ఆదేశించినారు. దానిపై అప్పీలు రాగా, ద్విసభ్య ధర్మాసనం ఆ ఆంక్షను జూబిలీ హిల్స్ లోని కొన్ని పబ్బులకు పరిమితం చేసినది.

ఈ వివాదాన్ని గూర్చి సాగిన చర్చలో ఒక విచిత్రం కనబడుతుంది. సంస్కృతి మంటగలిసినదని ఒక పక్షంవారు వాపోతే, యువజనుల స్వేచ్ఛకు సంకెళ్ళు పడుతున్నవని రెండవ పక్షంవారు ఆక్రోశించినారు. పొరుగింటివానికి లోపల ఎవరు ఎట్లు నృత్యం చేస్తున్నారో కనబడనే కనబడదు. తన పడకగది గోడ అదరుతున్న సంగతి మాత్రం తెలుస్తుంది. నీతిని గూర్చిన వాదం ఎన్నటికీ తెగదు. గోడను గూర్చిన వాదం కొలబద్దతో తెగుతుంది. తెగేదానిని విడిచి తెగనిదానిని పట్టుకొని పెనగులాడుట మన బహిరంగ చర్చలకు పాత అలవాటే.

హైదరాబాదు తగవు హైదరాబాదుదే అయినా, అందులోని పాఠం తుళ్లూరుకు ఎక్కువ అవసరం. రాజధాని కొరకు 29 గ్రామాల రైతులు భూసమీకరణ క్రింద 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చినారు. పైరు పండిన నేల నగరపటంలోనికి పోయినది కాని, ఊళ్ళు పోలేదు. గుడి, రచ్చబండ, పశువుల కొట్టం, ఎండాకాలం ఆరుబయట వేసుకొనే నవారు మంచం, ఇవన్నీ నవనగరాల నడుమ ద్వీపములవలె మిగులుతాయి. ఆ నవనగరాలలో పర్యాటకానికి ఒకటి, క్రీడలకు ఒకటి, మాధ్యమాలకు ఒకటి ప్రణాళికలో చోటు చేసుకొన్నవి. వెలగపూడిలో సచివాలయం 2016 నుండి ఉన్నది. ఐనవోలు, నీరుకొండలలో 2017 నుండి విశ్వవిద్యాలయాలు నడుస్తున్నవి. ఆగిన నిర్మాణాలు 2025 మే నెలలో తిరిగి ఆరంభమైనవి. ఇంత జనం చేరే చోటికి హోటళ్ళు, బార్లు, సంగీతశాలలు రాకుండా ఉండవు. రాకూడదనుట న్యాయమూ కాదు. సాయంకాలం ఏడింటికే తలుపులు బిగించుకొనే పట్టణం రాజధాని అనిపించుకోదు. వచ్చేది ఏ వీధికి, ఎవరి పెరటి ప్రక్కకు, అన్నదే ప్రశ్న.

చట్టం లేక ఈ చిక్కు పుట్టలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించరాదు. వాణిజ్య ప్రాంతంలో 65, 55. రాత్రి అనగా పది నుండి ఆరు వరకు. అయితే ఆ నియమాలలోనే మూసిన ఆవరణలకు, లోపలివారు వినుట కొరకు, ఒక మినహాయింపు కలదు. పబ్బు యజమాని ఆ మినహాయింపు నీడలో నిలుస్తాడు. పైగా శబ్దం పది గంటలకు తగ్గవలెనని ఒక నియమం చెబుతుండగా, మద్యం అమ్మకానికి అంతకు మించిన వేళ వరకు మరొక శాఖ లైసెన్సు ఇస్తుంది. ఒక చేతితో తలుపు తెరిచి, రెండవ చేతితో మూయుమన్నట్లున్నది. ఈ రెండు శాఖలు ఒకరి కాగితం మరొకరు చదువుకొన్నచో సగం వ్యాజ్యాలు పుట్టవు.

ఇక కొలత సంగతి. డెసిబెల్ మీటరు సాధారణంగా మన చెవి తీరును అనుసరించి లెక్క వేస్తుంది. మంద్రస్వరాన్ని బాగా తగ్గించి చూపుతుంది. సెకనుకు 63 కంపనాల మంద్రధ్వని విషయంలో ఈ తగ్గింపు 26 డెసిబెళ్ళు. గోడలు దాటి వచ్చేది ఆ మంద్రధ్వనియే. పాట వినబడదు, పలుకు వినబడదు, దమ్ము దమ్మని గుండె మీద కొట్టినట్లుండే అదురు మాత్రం వస్తుంది. అధికారి మీటరు చూచి అంతా సక్రమమే అంటాడు. గృహస్థు తెల్లవారులూ మేలుకొని ఉంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ముందు వచ్చినవాడెవడు అన్న వాదం ఇంగ్లండులో ఏనాడో నడిచినది. లండనులో ఒక మిఠాయి వ్యాపారి ఇరవై ఏండ్లకు పైగా వంటశాలలో రోళ్ళతో దంచుకొంటున్నాడు. ప్రక్క ఇంటి వైద్యుడు తోట చివర పరీక్షగది కట్టుకొన్న పిమ్మట ఆ చప్పుడు భరించలేక దావా వేసినాడు. 1879లో తీర్పు వైద్యునికే అనుకూలంగా వచ్చినది. పాపం మిఠాయివాడు! ఈ తీరు సంగీతశాలలకు అన్యాయమని తోచి, ఆస్ట్రేలియాలోని విక్టోరియా 2014లోను, ఇంగ్లండు 2018లోను నగర ప్రణాళికలో వేరొక సూత్రాన్ని చేర్చుకొన్నవి. పరిసరాన్ని మార్చేవాడే శబ్దాన్ని అడ్డే ఖర్చు భరించవలెననేది దాని సారం. పాత సంగీతశాల ప్రక్కన కొత్త మేడ కట్టేవాడు తానే మందపు గాజుకిటికీలు పెట్టించుకోవలెను. పాత ఇండ్ల ప్రక్కకు వచ్చే సంగీతశాల తన గోడలు తానే బిగించుకోవలెను. తుళ్లూరులో ఈ లెక్క తేలిక. ఊరు ముందున్నది. రేపు హోటళ్ళ వీధి ప్రక్కన అపార్టుమెంట్లు లేచినప్పుడు మాత్రం అదే సూత్రం వాటి యజమానుల మీద పనిచేయవలసి ఉంటుంది.

ఈ నియమం ఊరివారికీ వర్తిస్తుందని మరువరాదు. పెండ్లి ఊరేగింపులో లారీ మీద ఎక్కించిన డీజే పెట్టెలు ఏ పబ్బుకూ తీసిపోవు. తిరునాళ్ళలో గుడి మైకు అర్ధరాత్రి దాటితే అదీ శబ్దమే. సంవత్సరానికి 15 దినములకు మించకుండా, పండుగలకు, పది నుండి పన్నెండు వరకు అనుమతించే అధికారం నియమాలు రాష్ట్రానికి ఇచ్చినవి. ఆ దినములేవో ముందే ప్రకటించి, మిగిలిన 350 రాత్రులు గుడికీ బారుకూ ఒకే గంట వర్తింపజేసిననాడు ఊరివాని ఫిర్యాదుకు బలం వస్తుంది.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వుట కంటె, పటం మీద గీత గీసేటప్పుడే ఈ పని చేయుట మేలు. ప్రతి గ్రామం చుట్టూ రాత్రి వ్యాపారాలకు తావులేని మేర ఎంతో పటంలో గుర్తించవలెను. కార్లు నిలిపే చోటు, జనం బయటికి వచ్చే ద్వారం, రెండూ ఊరికి ఎదురు దిక్కున ఉండవలెనని లైసెన్సులోనే వ్రాయవలెను. మంద్రధ్వనికి ప్రత్యేకంగా కొలత పెట్టవలెను. విక్టోరియా వారి మందపు గాజుకిటికీలు ఇక్కడ సగమే పనికివస్తాయి. అక్కడివారు తలుపులు మూసుకొని నిద్రిస్తారు. గుంటూరు జిల్లా ఎండలకు ఏప్రిల్ నుండి జూన్ వరకు మన పల్లెలలో ఎందరో డాబాల మీదా, వాకిళ్ళలోనూ పడుకొంటారు. కనుక మీటరు పెట్టవలసిన చోటు మూసిన గది కాదు, ఆ డాబా మీద మంచం ప్రక్క.