ఈసారి మద్దెలదే తప్పు

ఒక కార్యాలయం, అందులో ఒకే ప్రింటరు, దాన్ని వాడుకోవలసినవారు నలుగురు. ఒకరి బల్లమీద విండోస్, ఒకరి దగ్గర ఉబుంటు, మరొకరి దగ్గర మ్యాక్, నాలుగోవారి చేతిలో ఫోను. విండోస్ నుంచి కాగితం వస్తుంది. ఉబుంటు నుంచి పంపినది వరుసలో చేరి అక్కడే కూర్చుంటుంది. మ్యాక్ పదేపదే సంకేతపదం అడుగుతుంది. ఫోనుకైతే అలాంటి యంత్రం ఒకటున్నదన్న సంగతే తెలియదు. ఇలాంటి చోట తీర్పు క్షణంలో వెలువడుతుంది: "మీకు కంప్యూటరు వాడటం రాదు." కాస్త మర్యాదస్తులైతే, "అందరూ వాడేదే మీరూ వాడవచ్చుగా" అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్లుందని నవ్వుకుంటారు. నా వాదన ఏమిటంటే, ఈ ఒక్క విషయంలో ఆడేవారి తప్పేమీ లేదు. మద్దెల నిజంగానే ఓటిది. పైగా తెలిసి తెలిసి ఓటిదిగా చేసి మనకు అంటగట్టినది.

ఊరికే అనటం లేదు. కాగితం బయటికి రావాలంటే మూడు వేరువేరు పనులు జరగాలి. మొదటిది, నెట్‌వర్కులో యంత్రం ఎక్కడున్నదో కంప్యూటరుకు తెలియాలి. రెండవది, పుటను అక్కడికి చేర్చే పద్ధతి ఇరుపక్షాలకూ తెలిసి ఉండాలి. మూడవది, చేరిన పుట ఏ భాషలో ఉన్నదో ఆ భాష యంత్రానికి అర్థం కావాలి. ఉత్తరంతో పోల్చి చెప్పుకుంటే చిరునామా, బట్వాడా, భాష. ఈ మూడింటిలో ఏది చెడినా మనకు తెరమీద కనిపించేది దాదాపు ఒకే మాట: ముద్రణ విఫలమైంది. కానీ లక్షణాలు వేరు.

చిరునామా చెడితే, నిన్నటిదాకా బాగానే ఉన్నది కరెంటు పోయి వచ్చాక ఆగిపోతుంది. రౌటరు ఆ యంత్రానికి కొత్త ఐపీ సంఖ్య ఇచ్చి ఉంటుంది. పాత సంఖ్యను గుర్తుపెట్టుకున్న కంప్యూటర్లు ఖాళీచేసిన ఇంటి తలుపు తడుతూ ఉంటాయి. పేరును బట్టి వెదికేవి మాత్రం చేరుకుంటాయి. బట్వాడా చెడితే పని వరుసలో నిలిచిపోతుంది, లేదా సరైన సంకేతపదం ఇచ్చినా మళ్లీ మళ్లీ అడుగుతుంది. భాష చెడితే కాగితాలు వస్తాయి, ఒక్కోదానిమీద రెండేసి పంక్తుల పిచ్చిరాతలతో, ట్రేలో ఉన్నవన్నీ అయిపోయేదాకా వస్తాయి. మొదటి కాగితంపైన శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, ఆ వెంటనే పీఎస్, అడోబీ అన్న ఆంగ్లాక్షరాలు కనిపిస్తే, పోస్టుస్క్రిప్టు రాని యంత్రానికి పోస్టుస్క్రిప్టులో ఉత్తరం వెళ్లిందని అర్థం. ఈ మూడింటిలో ఏది అని ముందుగా అడిగేవారు రోగాన్ని త్వరగానే పట్టుకోగలరు. మనం మాత్రం డ్రైవరు తీసి మళ్లీ వేస్తాం, అన్నింటినీ ఆపి మళ్లీ వెలిగిస్తాం. పుండు ఒకచోట, మందు ఒకచోట.

అసలు ప్రశ్న వేరే ఉన్నది. ఈ మూడు పనులూ ఎన్నో ఏళ్ల క్రితమే పరిష్కారమైనవి. అయినా మనం ఇంకా వీటితో ఎందుకు కుస్తీ పడుతున్నాం?

పుటను వర్ణించే పోస్టుస్క్రిప్టు భాషను అడోబీ సంస్థ 1984లో తెచ్చింది. మరుసటి ఏడే వచ్చిన యాపిల్ లేజర్‌రైటరు ఆ భాష మాట్లాడింది. ఒకే యంత్రాన్ని నెట్‌వర్కు ద్వారా పలు కంప్యూటర్లు పంచుకున్నాయి. ఆ భాష వివరాలు పుస్తకంగా అచ్చయ్యాయి కాబట్టి ఎవరైనా చదువుకుని దానిలో పుట వ్రాసి పంపవచ్చు. తర్వాత 1990లలో చవక ప్రింటర్లు వచ్చాయి. పుటను చుక్కలుగా మార్చే పనిని యంత్రంలోంచి తీసి కంప్యూటరుకు అప్పగించారు. యంత్రంలో జ్ఞాపకశక్తి, గణనశక్తి తగ్గాయి, ధరా తగ్గింది. మనబోటివాళ్ల ఇళ్లలోకి ప్రింటరు వచ్చింది ఆ పుణ్యాననే, కాదనను. కానీ అదే సందులో ఇంకొక పని కూడా జరిగింది. కంప్యూటరు ఆ చుక్కలను యంత్రానికి ఏ రూపంలో అందించాలన్నది చాలామంది తయారీదార్లు రహస్యంగా ఉంచారు. ఆ రహస్యం తెలిసినది వారిచ్చిన డ్రైవరుకే. ఆ డ్రైవరు చాలా సందర్భాల్లో విండోసుకే.

ధర తగ్గటానికి లెక్కలు కంప్యూటరు చేయటం అవసరం, ఒప్పుకుంటాను. ఆ లెక్కల రూపాన్ని దాచటం దేనికి అవసరం? ఆ రూపాన్ని వివరించే పత్రం ఒకటి ప్రకటించి ఉంటే ప్రింటరు ధర ఒక్క రూపాయి పెరిగేది కాదు. దాచినందువల్ల లినక్సు స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి కూర్చుని ఒక్కొక్క యంత్రం గుట్టును చేత్తో విప్పుకోవలసి వచ్చింది. హెచ్‌పీ వంటి సంస్థ లినక్సుకు స్వేచ్ఛా డ్రైవర్లు ఇచ్చిన మాట నిజమే. వాటిలోనూ కొన్ని నమూనాలకు మూసిపెట్టిన ముక్క ఒకటి విడిగా దించుకోవలసిందే.

ఈ కోపం నాతో మొదలైనది కాదు. స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమానికి మూలపురుషుడైన రిచర్డ్ స్టాల్‌మన్ తన ప్రసంగాలలో పలుమార్లు చెప్పిన కథ ప్రింటరుదే. ఎంఐటీ కృత్రిమమేధ ప్రయోగశాలలో పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, ఎదురుచూస్తున్నవారికి కబురందేలా ఆయన ప్రోగ్రామును మార్చుకున్నాడు. తర్వాత జిరాక్స్ లేజర్ ప్రింటరు వచ్చింది, కాని దాని ప్రోగ్రాము మూలం రాలేదు. అది తన దగ్గరున్న మరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుణ్ణి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం చేశానన్నాడట. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించటం వెనుక ఉన్న అనుభవాలలో ఇదొకటి. నలభై ఏళ్లు దాటినా ప్రింటరు ముందు నిలబడ్డ మనిషి పరిస్థితి పెద్దగా మారలేదు.

ఇక బట్వాడా సంగతి. యూనిక్సు లోకపు పాత పద్ధతి ఎల్‌పీడీని 1990లో పత్రబద్ధం చేశారు. ముద్రణకోసమే రూపొందించిన ఐపీపీ ప్రమాణం 1999లో వెలువడింది. అదే ఏడు మైకేల్ స్వీట్ ఆ ప్రమాణం మీద ఆధారపడిన కప్స్ వ్యవస్థను విడుదల చేశాడు. లినక్సు లోకం దానిని స్వీకరించింది. 2002లో మ్యాక్ స్వీకరించింది, 2007లో యాపిల్ దానిని కొనుక్కున్నది కూడా. విండోసుకు 2000 సంవత్సరపు రూపం నుంచీ ఐపీపీ తెలుసు. అంటే ముగ్గురికీ రెండు దశాబ్దాలకు పైగా ఉమ్మడి దారి ఒకటి ఉన్నది. ఉండి కూడా మనం చేసేదేమిటి? ప్రింటరును ఒక విండోస్ కంప్యూటరుకు తగిలించి, దాని ఫైళ్ల పంపకపు దారినే ప్రింటరునూ పంచుతాం. ఆ పద్ధతిలో అవతలి విండోస్ కంప్యూటరు డ్రైవరును ఇవతలి నుంచి తెచ్చుకుంటుంది. మ్యాకుకూ లినక్సుకూ ఆ డ్రైవరు పనికిరాదు. బట్వాడా కుదిరినా భాష కుదరదు. ఆ ఒక్క కంప్యూటరు నిద్రపోతే కార్యాలయమంతా నిద్రే.

ఇక్కడ మన చిట్కా వైద్యులు ప్రవేశిస్తారు. వారి మీద నాకు తయారీదార్ల మీదకన్నా ఎక్కువ కోపం. ఫైర్‌వాల్ ఆపేయండి, ఎస్ఎంబీ మొదటి రూపాన్ని తిరిగి తెరవండి, ఫలానా భద్రతా నవీకరణ తీసేయండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవటమంటే ఇదే. ఎస్ఎంబీ మొదటి రూపంలోని లోపాన్ని పట్టుకునే 2017 మే నెలలో వానాక్రై దాడి ప్రపంచాన్ని చుట్టివచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కుకున్నాయి. ఆ ఏడాది చివరి నుంచి కొత్తగా స్థాపించే విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దానిని మూసి ఉంచింది. 2019లో సాంబా కూడా అదే పని చేసింది. ఇద్దరూ మూసిన తలుపును ఒక్క ప్రింటరు కోసం మనం తెరవాలా?

2021 కథ ఇంకా స్పష్టమైనది. విండోసులో ముద్రణ పనులు చూసే స్పూలరుకు యంత్రం మీద సర్వాధికారాలుంటాయి. డ్రైవరు పేరుతో దానిలోకి దూరి యంత్రాన్నే వశం చేసుకునే లోపం ఆ ఏడు జూలైలో రచ్చకెక్కింది. ప్రింట్‌నైట్‌మేర్ అన్నారు దాన్ని. ఆగస్టు నుంచి ఇలా డ్రైవరు తెచ్చుకోవటానికి నిర్వాహకుడి అనుమతి తప్పనిసరి చేశారు. సెప్టెంబరులో వచ్చిన మరొక బిగింపుతో ఎన్నో చోట్ల పంచుకున్న ప్రింటర్లు ఆగిపోయి, చివర 11బి అని ఉండే దోషసంఖ్య కనిపించింది. దానికి ఊరూరా వినిపించిన పరిష్కారం, నవీకరణను తీసేయటం, లేదా రిజిస్ట్రీలో ఆ కాపలాను సున్నా చేయటం. కాగితం వచ్చింది, అందరూ సంతోషించారు. కాపలా పోయిన సంగతి ఎవరికీ గుర్తులేదు.

లినక్సువారు నవ్వనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బయటపడిన లోపాల్లో, నెట్‌వర్కులో ప్రింటర్లను వెదికిపెట్టే కప్స్-బ్రౌజ్డ్ అనే సహాయకుడు ఎవరు వచ్చి నేను ప్రింటరునన్నా నమ్మేవాడని తేలింది. భద్రత ఎవరి జాగీరూ కాదు. నేను చెప్పేది ఇంతే: ఇతర యంత్రాలలోకి ప్రోగ్రాములను దూర్చితే తప్ప కాగితం రానివ్వని ఏర్పాటు పునాదిలోనే పుచ్చింది.

మరి మార్గం లేదా? ఉన్నది, అదీ ఫోను పుణ్యాన వచ్చింది. ఫోనులో ప్రతి ప్రింటరుకూ ఒక డ్రైవరు పెట్టటం కుదరదు. కనుక 2010లో యాపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణమూ మోప్రియా కూటమీ వచ్చాయి. యంత్రం తానెవరో తానే చెప్పుకుంటుంది, తన శక్తులేమిటో తానే వివరిస్తుంది, పుటను అందరికీ తెలిసిన రూపంలో అందుకుంటుంది. డ్రైవరు అక్కరలేదు. చిరునామా, బట్వాడా, భాష మూడూ ఒక్కసారిగా తీరాయి. చూశారా? అన్నేళ్లు అసాధ్యమన్నట్లు కూర్చున్నవారు, ఫోను వాడేవారు ఎదుట నిలబడేసరికి చేసి చూపించారు. చేయలేక కాదు, చేయవలసిన అవసరం వారికి కలగలేదు. చివరికి మైక్రోసాఫ్ట్ కూడా, తయారీదార్ల డ్రైవర్లను విండోస్ నవీకరణ ద్వారా పంపటం దశలవారీగా విరమించుకుంటానని 2023 సెప్టెంబరులో ప్రకటించింది.

ఇందులో తెలుగుకు ప్రత్యేకమైన లాభం ఉన్నది. తెలుగు అక్షరం ఒత్తులతో, గుణింతాలతో కూడి రూపం దాల్చేది కంప్యూటరులోనే. ఉత్త వాక్యాన్ని నేరుగా ప్రింటరుకు పంపితే వచ్చేది చెత్త. ఉమ్మడి ప్రమాణంలో పుట పూర్తిగా తీర్చిన చిత్రంగానో పీడీఎఫ్‌గానో చేరుతుంది, ఏ యంత్రంపైనైనా ఒత్తు ఒత్తుగానే ఉంటుంది. ఇంకొక గొడవ మిగిలి ఉంటుంది, దానిని ప్రింటరు నెత్తిన రుద్దకూడదు. గౌతమిలో కూర్చిన పత్రాన్ని ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే పోతనకో నోటోకో మారి, పంక్తులు జరిగి, సంతకం చేయవలసిన చోటు తర్వాతి పుటలోకి పోతుంది. పత్రాన్ని ఖతితో సహా పీడీఎఫ్ చేసి పంపితే ఆ బెడద లేదు.

ఆక్షేపణలు తెలుసు. డ్రైవరు లేకపోతే కొన్ని ప్రత్యేక సౌకర్యాలు పోతాయంటారు. కొన్ని పోతాయి. కానీ రెండువైపులా ముద్రణ, ట్రే ఎంపిక, పిన్ను కొట్టటం వంటివి ఐపీపీకి తెలిసినవే. పాత యంత్రాలను పారేయమంటావా అంటారు. అక్కరలేదు. ఆ యంత్రానికి లినక్సు డ్రైవరు దొరికితే, ఎప్పుడూ వెలిగి ఉండే ఒక చిన్న లినక్సు పెట్టెకు తగిలించి కప్స్ ద్వారా పంచితే, గుట్టు ఆ పెట్టె దగ్గరే ఆగిపోతుంది. మిగిలినవారికి అది మామూలు ఐపీపీ ప్రింటరే.

కాబట్టి చేయవలసినవి ఇవి. ప్రింటరును కంప్యూటరుకు కాక నెట్‌వర్కుకే కలపండి. రౌటరులో దానికొక స్థిరమైన చిరునామా కేటాయించండి. ప్రతి కంప్యూటరులోనూ ఐపీపీ ద్వారానే చేర్చండి. దానిని ఇంటి గడప దాటి అంతర్జాలానికి కనబడనీయకండి. కొనేటప్పుడు నిమిషానికి ఎన్ని పుటలని అడిగేముందు, ఎయిర్‌ప్రింట్ గానీ మోప్రియా గానీ ఉన్నదా అని అడగండి. లేదంటే అక్కడే వదిలేసి రండి.

ఇది వ్యక్తులతో తీరేది కాదు. బడులకూ గ్రంథాలయాలకూ ప్రభుత్వ కార్యాలయాలకూ ప్రింటర్లు కొనేది మన పన్నులతో. ఈ-పరిపాలనలో బహిరంగ ప్రమాణాలే వాడాలన్న విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2010 నవంబరులోనే ప్రకటించింది. ఆ స్ఫూర్తిని టెండరు పత్రంలో ఒక్క వాక్యంగా పెట్టవచ్చు: డ్రైవరు లేకుండా ఐపీపీ ద్వారా అన్ని ఆపరేటింగ్ సిస్టముల నుంచీ పనిచేయాలి. ఆ ఒక్క వాక్యం వ్రాయటానికి సాంకేతిక నిపుణుడు అక్కరలేదు. మన డబ్బుతో కొన్న యంత్రం మన మాట వినాలన్న పట్టుదల ఉంటే చాలు.