అంగన్‌వాడీ అంటే గుడ్డొక్కటేనా?



మన వాడల్లో, గూడేల్లో అంగన్‌వాడీ మాట వస్తే వినపడే ప్రశ్నలు మూడే. గుడ్డు పెట్టిన్రా? పాలు వచ్చినయా? బాలామృతం ప్యాకెట్ ఇచ్చిన్రా? కార్యకర్తలుగా మనం పోయినా అవే అడుగుతాం. అడగాల్సిందే. గుడ్డు మాయమైన చోట నిలదీయకపోతే రేపు పాలు కూడా మాయమవుతాయి.

కానీ నాలుగో ప్రశ్న ఒకటుంది. మనలో చాలామందిమి దాన్ని అడగం. ఆ మూడేళ్ల పిల్ల పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అక్కడ ఏం చేసింది? ఏం ఆడింది, ఏ భాషలో మాట్లాడింది, ఎవరి పక్కన కూర్చుంది?

పట్నంలో ప్లే స్కూల్‌కు ఫీజు కట్టే తండ్రి మొదట అడిగేది ఇదే. మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి కడుపు నిండితే చాలు అనే లెక్క ఎవరు పెట్టారు? పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానమే రాసుకుంది. ఆ 85 శాతం మాదిగ వాడ పిల్లకూ అంతే, కోయ గూడెం పిల్లకూ అంతే, హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీ పిల్లకూ అంతే.

అసలు అంగన్‌వాడీ అనే ఆలోచన ఎక్కడ పుట్టిందో విద్యార్థి మిత్రులు తెలుసుకోవాలి. 1945లో తారాబాయి మోదక్, ఆమెతో కలిసి అనుతాయి వాఘ్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే ఊళ్లో బాలవాడి నడిపారు. దళిత వాడ పిల్లలు అక్కడికి రాలేకపోయారు. ఎందుకు రాలేకపోయారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు వాళ్లు బాలవాడినే వాడలోకి తీసుకుపోయి, ఇంటి ముందు వాకిట్లో నడిపారు. అంగణం అంటే వాకిలి. తర్వాత కోస్బాడ్‌లో వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేసినప్పుడు, పశువులు కాసే పిల్లల కోసం బడిని పచ్చిక బయలుకే తీసుకుపోయారు. 1975 అక్టోబర్ 2న కేంద్రం ఐసీడీఎస్‌ను 33 బ్లాకుల్లో మొదలుపెట్టినప్పుడు తీసుకున్న పేరు ఆ వాకిలిదే. అంటే అంటరానితనం మూసిన తలుపు ముందు పుట్టిన బడి ఇది. పిల్ల బడికి రాలేకపోతే బడే పిల్ల దగ్గరికి పోవాలన్నది దాని మూల సూత్రం.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ఇటు ఏన్కూరు, కారేపల్లి నుంచి జూలూరుపాడు, ములకలపల్లి మీదుగా అటు గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల దాకా నేను తిరిగే అడవి అంచులో ఒకే గదిలో నాలుగు లోకాలు కూర్చుంటాయి. మాల, మాదిగ పిల్లలు. కోయ పిల్లలు. లంబాడా పిల్లలు. 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ వదిలి వచ్చిన గుత్తికోయ కుటుంబాల పిల్లలు. ఇంట్లో మాట్లాడే భాష ఒక్కో పిల్లది ఒక్కోటి.

ఒక్క ఉదాహరణ చెప్తా. కోయలో 'ఏరు' అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. దాహమేసి పిల్ల "ఏరు" అంటే, భాష తెలియని టీచర్‌కు ఆ పిల్ల వాగు గురించి ఏదో చెప్తున్నట్టు వినపడుతుంది. నాలుగుసార్లు అడిగి నీళ్లు దొరకని పిల్ల అయిదోసారి అడగదు. నోరు మూసుకుంటుంది. పై తరగతుల్లో ఆ పిల్లనే చూసి "ట్రైబల్ పిల్లలు మాట్లాడరండీ, సిగ్గెక్కువ" అంటారు. సిగ్గు కాదు, మూడేళ్లప్పుడు మనం నేర్పిన పాఠం అది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలోనే కోయ, గోండి, కొలామి, సవర లాంటి ఎనిమిది భాషల్లో బడి మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది. పాఠ్యపుస్తకాలు కూడా తయారయ్యాయి. అది ఒకటో తరగతి దగ్గర మొదలైంది. పిల్ల నోరు మూసుకునేది అంతకు మూడేళ్ల ముందు.

బాగా నడిచే సెంటర్లు లేవా అంటే ఉన్నాయి. ఒకటి చూశాను. ఊరి పేరు రాయను, టీచరమ్మకు పైనుంచి ఫోన్లు వస్తాయి. అక్కడ లెక్కలకు ఇప్ప పలుకులు, చింతగింజలు. ఆకారాలకు అడ్డాకులు, మోదుగాకులు. తాటాకు గిలకలు పిల్లల తాతలే చేసిచ్చారు. నీళ్ల కుండ మీద బొమ్మ గీసి ఉంది. ఏ భాషలో అడిగినా ఆయాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆయా ఆ గూడెం మనిషే. తీరిక ఉన్న రోజు కోయ అవ్వ ఒకామె వచ్చి రేల పాట పాడుతుంది. మాదిగ వాడ నుంచి ఒక తాత డప్పు తెస్తాడు.

ఆ డప్పు దగ్గరే పంచాయితీ వచ్చింది. "మా పిల్లగాడు డప్పు కొట్టాలా?" అని ఊళ్లో నుంచి ఒకాయన వచ్చి అడిగాడు. టీచరమ్మ గొంతు పెంచలేదు. "దరువు తప్పకుండా కొట్టాలంటే లెక్క రావాలన్నా. మీ వాడికి అయిదు దాకా వచ్చింది దీనితోనే" అన్నది. ఆయన గొణుక్కుంటా పోయాడు కానీ, పిల్లగాణ్ని మాన్పించలేదు.

మిత్రులారా, దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. మన తాతలకు డప్పు వెట్టి. చావుకు కొట్టాలి, దండోరాకు కొట్టాలి, కొట్టి దూరంగా నిలబడాలి. అదే డప్పును అన్ని కులాల పిల్లలు వంతులవారీగా కొడితే అది వెట్టి నుంచి బయటపడి సంగీతమవుతుంది, గణితమవుతుంది. సృజనాత్మక బోధన అంటూ సెమినార్లలో చెప్పే మాటకు మన నేల మీద అర్థం ఇదే. కులం ఏంటో ఇంకా నేర్చుకోని వయసులో పిల్లలు కలిసి తిని, కలిసి పాడే ఏకైక సర్కారు గది అది.

మరి ఆ గదిని మనం ఏం చేస్తున్నాం? టీచర్ చేతిలో పిల్లల బొమ్మ ఉండాల్సిన టైములో ఫోన్ ఉంటుంది. పోషణ్ ట్రాకర్‌లో హాజరు, బరువు, ఎత్తు, ఫొటో. సిగ్నల్ లేని గూడెంలో సిగ్నల్ కోసం గుట్టెక్కే టీచర్లను చూశాను. మీద ఓటరు జాబితా పని, సర్వేల పని. ఇంత చేసినా ఆమె ఉద్యోగి కాదట, 'గౌరవ వేతనం' తీసుకునే సేవకురాలట. కేంద్రం 2018లో నిర్ణయించిన మొత్తం టీచర్‌కు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. రాష్ట్రం కలిపితే తెలంగాణలో టీచర్‌కు 13,650. అంగన్‌వాడీ ఉద్యోగులకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినా, 2023లో వాళ్లు రోడ్డెక్కి సమ్మె చేయాల్సి వచ్చింది. ఈ పనిలో ఉన్నది ఆడవాళ్లు, అందులో మన ఆడవాళ్లు చాలామంది. అందుకే పిల్లల్ని చూసుకోవడాన్ని పనిగా లెక్కగట్టరు.

ఇక చట్టం సంగతి. 1950 రాజ్యాంగంలో 45వ అధికరణం ఏం చెప్పింది? పదేళ్ల లోపు, 14 ఏళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య. కింద వయసు గీత లేదు. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో దాన్ని ప్రాథమిక విద్యకే కుదించాలని సవరణ వస్తే బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని రాసుకున్నప్పుడు, ఆ వయసు దాకా వాళ్లు చదువులో ఉండాలి కదా అన్నది ఆయన వాదన. 2002లో 86వ సవరణ వచ్చి హక్కును 6 నుంచి 14 ఏళ్లకు కట్టేసింది. ఆరేళ్ల లోపు వాళ్లకు రాజ్యం 'ప్రయత్నిస్తుంది' అని సరిపెట్టింది. 2009 విద్యా హక్కు చట్టం కూడా అదే గీత గీసింది. డబ్బున్నోడికి నష్టం లేదు, మూడేళ్లకే ఎల్కేజీ కొనుక్కుంటాడు. నష్టపోయింది మనం.

ఇప్పుడు ఇంకో మలుపు. 2025 నుంచి తెలంగాణలో కొన్ని ప్రభుత్వ బడుల్లో ప్రీప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. అంగన్‌వాడీ యూనియన్లు వ్యతిరేకించాయి. ఇది కేవలం ఉద్యోగాల గొడవ అని కొందరు మిత్రులు అంటున్నారు. నాకు అట్లా కనపడటం లేదు. మండల కేంద్రంలో ఆ తరగతి మంచిదే కావచ్చు. అడవి అంచులో బడి రెండు కిలోమీటర్ల దూరంలో, మధ్యలో వాగు ఉంటే మూడేళ్ల పిల్ల ఎట్లా పోతుంది? గూడెం సెంటర్‌లో పిల్లలు తగ్గారని రేపు దాన్ని ఎత్తేస్తే ఆ తల్లి ఏం చేస్తుంది? మిరప కోతల కాలంలో తెల్లారకముందే ఆటో ఎక్కుతుంది. ఎండాకాలం తునికాకుకు పోతుంది. పిల్లను చంకనేసుకుని చేనుకు తీసుకుపోతుంది, లేదా ఎనిమిదేళ్ల అక్కను బడి మాన్పించి కాపలా పెడుతుంది. ఒక సెంటర్ మూస్తే ఇద్దరు పిల్లల చదువు పోతుంది.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. మూడు నుంచి ఆరేళ్ల విద్య హక్కు కావాలి, దయ కాదు. ప్రీప్రైమరీ పెట్టాలంటే వాడలో, గూడెంలో ఉన్న అంగన్‌వాడీలోనే పెట్టాలి, ఉన్న టీచర్‌కే శిక్షణ, జీతం ఇవ్వాలి. కోయ, గోర్ బోలి తెలిసిన మనిషి ప్రతి సెంటర్‌లో ఉండాలి. కోతల కాలంలో సెంటర్ టైము తల్లుల కూలి టైముకు సరిపోవాలి.

చేతిలో ఆయుధాలు ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నిటిలో అంగన్‌వాడీలు పెట్టాలని 2004 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి సెంటర్ లేని ఆవాసం అడిగితే, మూడు నెలల్లో ఇవ్వాలని 2006 డిసెంబర్ 13న చెప్పింది. సెలవులకు ఊరికి వచ్చే యూనివర్సిటీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక నోట్‌బుక్ పట్టుకుని మీ వాడ పిల్లల్ని లెక్కపెట్టండి. 40 దాటితే ఊరి సంతకాలతో దరఖాస్తు పెట్టండి, రసీదు తీసుకోండి. సెంటర్ ఉంటే ఒక పూట పోయి మూల కూర్చుని చూడండి. గుడ్డు లెక్క రాయండి. దాని పక్కనే ఆ పూట ఎన్ని పాటలు పాడారు, ఏ భాషలో పాడారు, ఏ పిల్ల నోరు తెరవలేదు అనేది కూడా రాయండి.

జై భీమ్.